పాత కారు పునరుద్ధరణలో ప్రథమ ఘట్టము: భాగములను ఊడదీయుట, శుభ్రపరచుట

మరమ్మతు వేరు, పునరుద్ధరణము వేరు. ఆగిపోయిన బండిని తిరిగి నడిపించుట మరమ్మతు. దానికి చెడిన భాగమును తీసివేసి మరొక దానిని బిగించిన చాలును. పునరుద్ధరణమనగా ఒక పాత వాహనమును, అది కర్మాగారము నుండి వెలువడిన నాటి రూపమునకు, సాధ్యమైనంత వరకు దాని స్వంత భాగములతోనే తిరిగి తెచ్చుట. ఇట్టి కారును చూచువారి కన్ను ముందుగా దాని రంగు మీద పడును. కాని ఆ కారు పది సంవత్సరములు నిలుచునా, రెండు వర్షాకాలములకే బుడగలు లేచునా అన్నది రంగు డబ్బా తెరువక ముందే, భాగములను ఊడదీసి కడిగినప్పుడే నిర్ణయమైపోవును. ఈ వ్యాసము ఆ తొలి ఘట్టమును గురించినది.

తెలుగు బోధించువాడు కారు భాగములను గూర్చి వ్రాయుట ఏమని కొందరు విద్యార్థులు అనుకొనవచ్చును. మన విద్యార్థులలో కొందరి ఇండ్లలో మెకానిక్కులు, టింకర్లు, పెయింటర్లు ఉన్నారు. షెడ్డులో ఉస్తాదు నోటి నుండి శిష్యుని చెవికి చేరు ఈ విద్యకు మన భాషలో పాఠ్యపుస్తకము కానరాదు. నోటిలో ఉన్నదానిని కాగితము మీదికి తెచ్చుట భాష చెప్పుకొను వానికి తగని పని కాదు.

ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసుకొందము. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున, ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను అనుసరించి 1950ల చివరి నుండి దీనిని తయారు చేసినది. 2014 మే నెలలో ఆ తయారీ నిలిచిపోయినది. ఇంతకాలములో మార్కులు మారినవి, గ్రిల్లులు మారినవి, ఇంజనులు మారినవి. కాని గుండ్రని ఆ ఆకారము మాత్రము పెద్దగా మారలేదు. కావుననే ఒక మార్కు భాగమును మరొక మార్కు బండికి తగిలించుట షెడ్డులలో అలవాటైనది. మరమ్మతుకు అది సౌకర్యము. పునరుద్ధరణ చేయువానికి అదే చిక్కు. తన ముందున్న బండిలో ఏది మొదటి నుండి ఉన్నది, ఏది నడుమ వచ్చి చేరినది అన్నది పానా పట్టక ముందే తెలిసికొనవలెను.

ఇది కేవలము అభిరుచికి చెందిన విషయము కాదు. 2021లో కేంద్ర మోటారు వాహనముల నియమావళికి చేసిన సవరణ ప్రకారము, 50 సంవత్సరములు దాటి, అసలు రూపములో నిలిచియున్న సొంత వాడకపు వాహనములను వింటేజి వాహనములుగా గుర్తింతురు. వాటి నంబరు పలకపై రాష్ట్రపు అక్షరముల తరువాత వి.ఏ. అను అక్షరములు వచ్చును. చాసిస్, బాడీ, ఇంజను విషయములలో గణనీయమైన మార్పులు చేసిన బండికి ఈ గుర్తింపు లేదు. అందుచేత పని మొదలుపెట్టకముందే చాసిస్ సంఖ్య పొడిచియున్న చోటును, పలకను కనుగొని, రవాణా కార్యాలయమువారు చేయునట్లుగా పలుచని కాగితమును దానిపై ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనవలెను. తరువాత ఆ చోట గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, ఉప్పుకాగితము గాని ఆమ్లము గాని తగులకుండ కాపాడవలెను. శుభ్రము చేయు ఉత్సాహములో అంకెలు అరిగిపోయిన బండి, చట్టము దృష్టిలో ఏ బండియో తేలని బండి అగును.

ఇక బాడీ నిర్మాణమును గ్రహించవలెను. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూచినవారు అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూచియుందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొరకు తయారైన 1912 నాటి వాహనమది. ఆ కాలమున చాసిస్ ఒకరు చేయుదురు, దానిపై శరీరమును మరొకరు కట్టుదురు. ఆ కారు శరీరమును కట్టినది బార్కర్ అను సంస్థ. అట్టి బండిలో బోల్టులు విప్పిన పిమ్మట పైభాగమును పల్లకి వలె ఎత్తి ప్రక్కన పెట్టవచ్చును. క్రింది చట్రము తన బలముతో తాను నిలుచును. అంబాసిడర్ అట్టిది కాదు. దీనికి వేరుగా చట్రము లేదు. నేల రేకు, తలుపుల క్రింద గడప వలె పోవు పెట్టె భాగము, స్తంభములు, పైకప్పు అన్నియు ఒకదానికొకటి వెల్డు చేయబడి, అన్నియు కలిసియే బరువును మోయును. గడప పెట్టెను షెడ్డువారు సిల్ అందురు. నీరు నిలిచి మొట్టమొదట తినివేయబడునది అదే.

దీని ఫలితమును ఆలోచించండి. నాలుగు తలుపులు ఊడదీసి, కుళ్ళిన సిల్‌ను కోసివేసిన బండి నడుమ మెల్లగా క్రుంగును. కంటికి కనబడునంత క్రుంగదు. కొద్ది మిల్లీమీటర్లు చాలును. క్రొత్త సిల్ వెల్డు చేసి తలుపు పెట్టిచూచిననాడు తలుపు పట్టదు. అప్పటికి ఆ వంపు వెల్డింగుతో సహా గట్టిపడిపోయి ఉండును. ఎన్ని వేల రూపాయలు పోసినను ఆ బండి మరల సరికాకపోవచ్చును. అందుచేత తలుపులు ఇంకను బండికి ఉండగానే ప్రతి ద్వారపు ఖాళీని మూల నుండి మూలకు కొలిచి వ్రాసికొనవలెను. తలుపులు తీసిన వెంటనే, ఏ రేకును కోయకముందే, ద్వారములలో అడ్డముగాను ఐమూలగాను ఇనుప గొట్టములను వెల్డు చేసి బిగించవలెను. ఒక్క దినపు పని. చాలమంది ఈ దినమును ఆదా చేయజూతురు.

ఊడదీయుటలో బ్యాటరీది మొదటి వంతు. బాడీకి కలిపియున్న తీగను ముందు విప్పవలెను. రెండవ తీగను ముందు విప్పబోయిన పానా బాడీకి తగిలిన యెడల నిప్పురవ్వలు లేచును. తరువాత పెట్రోలు టాంకి. టాంకి ఖాళీ చేసితిమి కదా అని నిశ్చింతగా ఉండరాదు. నిండు టాంకి కంటె ఖాళీ టాంకి ప్రమాదకరము, ఏలయనగా దానిలో ఆవిరి, గాలి కలిసి ఉండును. దానిని బండి నుండి వేరు చేసి, మూతి బిగించి, వెల్డింగు జరుగు చోటికి దూరముగా పెట్టవలెను.

పిమ్మట బానెట్టు, డిక్కీ మూత, బంపర్లు, గ్రిల్లు, దీపములు, ముందరి మడ్గార్డులు, తలుపులు. ముందరి మడ్గార్డులు బోల్టులతో బిగింపబడి ఉండుటచే విడిగా వచ్చును. కీలును వదులు చేయకముందు దాని చుట్టును పదునైన మొనతో సన్నని గీత గీయవలెను. తిరిగి బిగించునాడు తలుపు తన పాత స్థానమును ఆ గీతలో వెదకికొనును. కీలు వెనుక సందు నింపుటకు పెట్టిన పలుచని రేకుముక్కలు ఉన్నచో, ఏ కీలు వెనుక ఎన్ని ఉన్నవో వ్రాసియుంచవలెను. రాలి పడినవాటిని చెత్తయని ఊడ్చివేయు కుర్రవాడు తలుపు సరిచేయువారికి ఒక వారపు పని పెంచును.

నేడు ప్రతివాని చేతిలోను ఫోను ఉన్నది, ఫోటోలు తీయుట సులభమైనది. ప్రతి భాగమును తీయక ముందొకటి, తీసిన పిమ్మట ఒకటి తీయుట మంచిదే. అయితే బోల్టు క్రింద చదును వాషరు ముందా, స్ప్రింగు వాషరు ముందా అన్నది ఫోటో చెప్పదు. దానికి పాత పద్ధతియే మేలు. భాగము తీసిన వెంటనే దాని బోల్టులను, వాషర్లను అదే వరుసలో అదే రంధ్రములలో రెండు చుట్లు బిగించి వదలవలెను. అట్లు వీలుకాని చోట చిన్న సంచులలో వేసి చీటీ పెట్టవలెను. చీటీని పెన్సిలుతో వ్రాయవలెను. కలము సిరా, బాల్‌పెన్ను సిరా పెట్రోలు, థిన్నరు తగిలిన కరగిపోవును. పెన్సిలు వ్రాత నిలుచును.

నట్లను గూర్చి కొంత విపులముగా చెప్పవలసి ఉన్నది. బ్రిటిషు నమూనా కావున ఈ బండిలో చాల నట్లు అంగుళముల లెక్కవి. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. చేతికి దొరికిన 13 మిల్లీమీటర్ల పానా దానికి పట్టినట్లే ఉండును. కాని తుప్పు పట్టిన నట్టు మీద బలము వేసినప్పుడు ఆ కొద్ది వదులు చాలును, నట్టు మూలలు నునుపుదేలి తరువాత ఏ పానాకును లొంగదు. కదలని నట్టుకు కిరసనాయిలు, నూనె కలిపి పోసి ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు సుత్తితో తలపై తేలికగా తట్టి, ముందు బిగించు వైపు వెంట్రుకవాసి త్రిప్పి, ఆపైన విప్పవలెను. పేరుకున్న తుప్పు బిగించునప్పుడు చిట్లును. అప్పటికిని రానిచో మంట చూపవచ్చును. బ్రేకు గొట్టము, తారుపూత, పెట్రోలు వాసన దగ్గర లేవని చూచికొన్న తరువాతనే. బాడీ పెట్టెల లోపల చిన్న పంజరములలో బంధింపబడిన నట్లు కొన్ని ఉండును. వాటిపై మొరటు బలము చూపిన నట్టు పంజరము నుండి ఊడి లోపల గిరగిర తిరుగును. అప్పుడు రేకును కోయుట తప్ప మార్గముండదు.

అద్దముల చుట్టునున్న రబ్బరు పట్టీ ఎండి రాయివలె అయియుండును. దానిని కాపాడబోయి అద్దమును పగులగొట్టుట కంటె, రబ్బరును కత్తితో కోసివేసి అద్దమును సురక్షితముగా తీయుట వివేకము. రబ్బరు బజారులో దొరకును. పాత అద్దము దొరకుట కష్టము.

ఇక శుభ్రపరచుట. కడుగుట యనగా మురికిని పోగొట్టుట మాత్రమేయని తలచువారు ఈ పనిలో ఎక్కువ నష్టము చేయుదురు. దేనిపై ఏ మురికి ఉన్నదో, దాని క్రింద ఏ లోహమున్నదో తెలియనిదే నీరు తప్ప మరి ఏదియు వాడరాదు. మొదట చక్రముల పై గూళ్ళలోను, ముందరి దీపముల వెనుకను ఏండ్ల తరబడి గడ్డకట్టిన మట్టిని వెదురుబద్దతో గోకి తీయవలెను. తేమను పట్టియుంచి రేకును లోపల నుండి తినునది ఆ మట్టియే. తలుపుల అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములు ఉండును. అద్దము ప్రక్కనున్న నమదాపట్టీ అరిగిన తరువాత వాననీరు తలుపులోనికి దిగును, రంధ్రములు మూసికొనియున్న అక్కడనే నిలుచును. పైనుండి చూచిన నిగనిగలాడు తలుపు అడుగున జల్లెడవలె ఉండుటకు కారణమిదే. తీగతో ఆ రంధ్రములను తెరచి, లోపల నీరు పోసి, స్వచ్ఛమైన నీరు వచ్చువరకు కడుగవలెను. నేల రేకుపైని తారువంటి పూతను కొద్దిగా వేడిచేసిన బద్దెతో గోకి, మిగిలినదానిని కిరసనాయిలుతో తుడువవలెను. పెట్రోలుతో భాగములు కడుగు అలవాటు మన షెడ్డులలో ఉన్నది. దాని ఆవిరి నేల వెంబడి ప్రాకి దూరమున ఉన్న నిప్పును అందుకొనును. ఇది ఎన్నిసార్లు చెప్పినను ఎక్కువ కాదు.

మురికి పోయిన తరువాత బండి చరిత్ర బయటపడును. అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుచు పోయిన యెడల, అది పట్టు వదలిన చోట రంగు క్రింద లప్పము మందముగా ఉన్నదని అర్థము. అయితే ఆ కాలపు కర్మాగారములలో కొన్ని అతుకులను సీసము, తగరము కలిసిన మిశ్రమముతో నింపెడివారు. అక్కడ కూడ అయస్కాంతము పట్టదు. లప్పమును తీసివేయవలెను, సీసపు అతుకును వీలైనంతవరకు ఉంచవలెను. రెంటికిని భేదము గోటితో గీచిన తెలియును. సీసము మెత్తగా మెరయును, లప్పము పొడియై రాలును.

తుప్పు అని కొందరు, జంగు, చిలుము అని మరికొందరు అనుదురు. ఉర్దూ, ఫార్సీ కవిత్వము చదువు విద్యార్థులకు అద్దముపై జంగు పట్టుట, దానిని సైఖలుతో తొలగించుట అను వర్ణనలు పరిచితములే. గాజు అద్దమునకు జంగు ఎట్లు పట్టునని సందేహించువారు, పూర్వపు అద్దములు మెరుగుపెట్టిన లోహపు పలకలని గుర్తుంచుకొనవలెను. ఆ కవులకు తెలిసిన సంగతియే మెకానిక్కునకును తెలియవలెను. ఇనుము, ప్రాణవాయువు, తేమ మూడును కలిసిననే తుప్పు. ఉప్పుగాలి దానిని త్వరపరచును కావున విశాఖపట్టణమున, మచిలీపట్టణమున తిరిగిన బండి హైదరాబాదు బండి కంటె ముందు కృశించును. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. రెండు రేకుల అతుకు నడుమ తుప్పు పట్టినప్పుడు రేకులు ఉబ్బి విడిపోవుట అందువలననే.

పైపై తుప్పును తీగబ్రష్షుతో, నీటి కాగితముతో తీయవచ్చును. రేకు మందము ఒక మిల్లీమీటరుకు అటు ఇటుగా మాత్రమే ఉండును కావున, గ్రైండరు పట్టిన చేయి క్షణము ఆగినను రేకు పలుచనగును. ఇసుకను గాలితో చిమ్ము పద్ధతి స్ప్రింగు బ్రాకెట్ల వంటి మందపు భాగములకు మంచిది. బానెట్టు, తలుపు వంటి వెడల్పైన రేకులపై వాడిన ఆ దెబ్బలకు రేకు సాగి అలలు దేరును. గుంటలలో దిగిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లము తగును. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చును. హైడ్రోక్లోరిక్ ఆమ్లము వేగముగా పనిచేయును, చవుక కూడ. కాని అది అతుకులలో దాగి, పైన రంగు వేసిన తరువాత లోపల పని సాగించును. దాని ఆవిరికి షెడ్డులోని పనిముట్లు సైతము తుప్పుపట్టును. నా అభిప్రాయములో బాడీ పనికి దానిని దరిచేర్చకుండుటయే మేలు.

చిన్న భాగములకు నిమ్మ ఉప్పు చాలును. మన ఇండ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోముటలో ఉన్న రసాయన శాస్త్రమే ఇది. నిమ్మ ఉప్పు కరిగించిన నీటిలో ఒక రాత్రి ఉంచి, కడిగి, చాకలి సోడా నీటిలో ముంచి ఆమ్లమును చంపి, వెంటనే ఆరబెట్టవలెను. వంకరటింకర ఇనుప భాగములకు మన ప్రయోగశాలలో విద్యార్థులు చేయు విద్యుద్విశ్లేషణమే ఉత్తమము. ఐదు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన భాగమును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువమునకు కలుపవలెను. తారుమారైన యెడల కాపాడవలసిన భాగమే కరగిపోవును. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, దాని నుండి విషపూరితమైన క్రోమియం లవణములు నీటిలో చేరును. వెలువడు బుడగలు ఉదజనివి, అది మండు వాయువు. కావున ఆరుబయటనే చేయవలెను. స్ప్రింగులను, గట్టి ఉక్కు బోల్టులను ఆమ్లములో గాని ఈ తొట్టిలో గాని వేయరాదు. ఉదజని లోపలికి చొచ్చి ఉక్కును పెళుసు చేయును.

ఇనుము కాని లోహముల సంగతి వేరు. బంపరుపై మెరయు క్రోమియం పొర మిల్లీమీటరులో వేయవ వంతు కూడ ఉండదు. దాని క్రింద నికెలు, నికెలు క్రింద ఇనుము. కంటికి కనబడని సందులగుండా తేమ దిగి ఎఱ్ఱని చుక్కలు లేచును. వాటిని ఇసుకతో, ఉప్పుకాగితముతో రుద్దిన పొరయే పోవును. వంటింటి అల్యూమినియం రేకుకాగితమును నలిపి, నీటిలో తడిపి మెల్లగా రుద్దిన చుక్కలు పోవును, క్రోమియమునకు గీత పడదు. తిరిగి మెరుగు పూయింపదలచిన బంపరును పూర్తిగా శుభ్రము చేయకపోయినచో పూత పొరలుగా లేచిపోవును. కళాయి వేయువాడు పాత్రను తోమి, వేడిచేసి, నవాసాగరము చల్లక తగరము పూయడు. తలుపు పిడులు పెక్కు జింకు మిశ్రమముతో పోతపోసి మెరుగు పెట్టినవి. బిదరీ పాత్రలకు మూలమైన లోహమే అది. దానిని ఆమ్లమును తినును, క్షారమును తినును. రంగు ఊడదీయు కాస్టిక్ సోడా తొట్టిలో ఇనుప భాగములతోపాటు జింకు పిడిని, అల్యూమినియం పట్టీని వేసినవాడు కొంతసేపటికి గుంటలు పడిన శేషమునే పైకి తీయును. సబ్బునీరు, మెత్తని గుడ్డ, ఓపిక మాత్రమే వాటికి తగినవి.

ఇంతవరకు బండిని గూర్చి చెప్పితిని. పని చేయువానిని గూర్చి కూడ చెప్పవలెను. పాత రంగులలో సీసపు లవణములు కలిపెడివారు. ఇంటి రంగులలో సీసమును పది లక్షల భాగములలో 90 భాగములకు మించరాదను నియమములు మన దేశమున 2016లో వెలువడినవి. మనము ఊడదీయు బండి మీది రంగు అంతకు ఎన్నో ఏండ్ల ముందుది. దానిని పొడిగా గీకిన లేచు ధూళి ఊపిరితో లోపలికి పోవును, చేతులు కడుగక తిన్న అన్నముతో పోవును. ఎదుగు పిల్లల మెదడుకు సీసము చేయు హాని తిరిగి పూడునది కాదు. షెడ్డులలో ఉప్పుకాగితము పట్టి కూర్చుండువాడు చాల తరచుగా అందరికంటె చిన్నవాడు. అక్కడి పనులలో అది తేలికైనదని వానికి అప్పగింతురు. వయస్సు నిండని వానికి ఆ పని ఇయ్యనే రాదు. పెద్దవారును నీటితో తడుపుచునే రుద్దవలెను, మంచి వడపోత గల ముసుగు ధరింపవలెను, ఆ బట్టలతో ఇంటికి పోయి పిల్లలను ఎత్తుకొనరాదు. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాస్ ఉండెడిది. కావున బ్రేకు డ్రమ్ము తెరచినప్పుడు లోపలి ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డను మూతకట్టి పారవేయవలెను. టింకరింగు నేర్చుకొను తమ్ముడు గల విద్యార్థి ఈ ఒక్క పేరాను ఇంట చదివి వినిపించిన యెడల ఈ వ్యాసము వ్రాసిన శ్రమ నాకు దక్కినట్లే.

శుభ్రమైన ఇనుము ఎక్కువ కాలము శుభ్రముగా ఉండదు. వర్షాకాలమున కడిగి వదలిన రేకుపై కొన్ని గంటలలోనే పలుచని పసుపు తుప్పు తేలును. కనుక ఒక దినమున ప్రైమరు పూయగలిగినంత భాగమునే ఆ దినమున కడుగవలెను. ఎండలో గాని వేడిగాలితో గాని అతుకుల లోపలి తడి పూర్తిగా ఆర్పి, చెమట చేతులతో తాకకుండ థిన్నరు గుడ్డతో తుడిచి, సాయంత్రము లోపల మొదటి పూత వేయవలెను. వెల్డు చేయవలసిన అంచులను పూత లేకుండ విడువవలెను. పూత ఆరిన భాగములను ఊడదీసిన వరుసలోనే చీటీలతో సహా గోడకు వ్రేలాడదీసి, కుళ్ళిన చోట్లను సుద్దతో గుర్తించిన పిమ్మట, టింకరును పిలువవచ్చును.